మేటకల్లు తూర్పుకు జరిగిన వైనం

మేటకల్లు పట్టణం తానున్న చోట లేదన్న సంగతి ఒక మంగళవారం ఉదయం, పదకొండు గంటల వేళ తేలింది. ఆ సమయానికి బస్టాండులో కండక్టరు ఈల వేస్తున్నాడు. మార్కెట్ యార్డులో వేరుశనగ మూటలు తూస్తున్నారు. ఆసుపత్రి ముందు చీటీల వరుస మెట్లు దిగి రోడ్డెక్కింది. తాము ఏ ఊళ్లోనూ లేమన్న అనుమానం వాళ్లలో ఒక్కరికీ కలగలేదు.

తేల్చింది చారిత్రక పటాధార నగర వృద్ధి అధ్యయన విభాగం. తేల్చిన చోటు పురపాలక కార్యాలయం మేడమీది గది. తేలుతున్నంతసేపూ పటాలు కదలకుండా అదిమిపట్టిన చేతులు ట్రేసర్ కుళ్ళాయప్పవి.

కుళ్ళాయప్పకు యాభై ఆరేళ్లు. పాత పటం మీద పలుచటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతను పైన నల్ల సిరాతో మళ్లీ గీయడం అతని ఉద్యోగం. గీత ఎవరిదో, సిరా మాత్రమే తనది. ఇరవై ఎనిమిదేళ్లు ఇదే పని చేసిన మనిషికి తాను కొత్తగా చేసిందేమీ లేదన్న ఎరుక ఒక పక్క, తన చెయ్యి తగలనిదేదీ ఆ గదిలో లేదన్న ఎరుక మరో పక్క మిగులుతాయి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి అతను మధ్యాహ్నాలు టిఫిను డబ్బా కడిగిపెట్టి తత్త్వ గ్రంథాలు చదివేవాడు. ఉన్నది వేరు, ఉన్నట్టు తోచేది వేరు అని ప్రతి గ్రంథమూ చెప్పింది. ఆ రెండింటికీ తేడా వస్తే సంతకం ఎవరు పెట్టాలో మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.

మేటకల్లుకు తూర్పున ఒకప్పుడు ఏరు పారేది. ఏరు ఎండింది, ఇసుక మిగిలింది. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి అవతలి గట్టున దిబ్బలు కట్టింది. ఊరివాళ్లు వాటిని దిబ్బలనే అంటారు. అధ్యయన విభాగం ప్రత్యేకాధికారి మార్కండేయులు గారికి మాత్రం అది ఎడారి. ఆయన కిందటేడు ప్రభుత్వం తరఫున ఒక ఎడారి దేశానికి వెళ్లివచ్చారు. అక్కడ ఒక నగరం పాత పటాలన్నీ ఒకదాని పక్కన ఒకటి గోడకు తగిలించి చూపించారట. మొదటి పటంలో పిడికెడు కోట, రెండోదానిలో నాలుగు బావులు, చివరిదానిలో కనుచూపు మేర మేడలు. చూసి ఆయన కళ్లు చెమర్చాయి. మన రాష్ట్రంలోనూ ఒక ఎడారి నగరం వృద్ధిని పటాల మీద పట్టిచూపాలని సంకల్పించుకున్నారు. ఎడారి కోసం జిల్లా జిల్లా గాలిస్తే చివరికి మేటకల్లు దొరికింది.

పటాలు నాలుగున్నాయి. 1824, 1874, 1924, 1974. నాలుగింటికీ కొలత ఒక్కటే, అంగుళానికి ఒక మైలు. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద వాటిని ఒకదానిమీద ఒకటి పరిచారు.

"అంచుకు అంచు కలవాలి, కుళ్ళాయప్ప గారూ. ఎడమ అంచు ముఖ్యం. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నారు మార్కండేయులు గారు.

"కొండ గుర్తుకు కొండ గుర్తు కలిపితే బాగుంటుందేమో సార్" అన్నాడు కుళ్ళాయప్ప.

"అశాస్త్రీయం. కొండ ప్రకృతి. అంచు ప్రమాణం."

అంచుకు అంచు కలిపారు. ఆయన స్కేలు పెట్టి ఎడమ అంచు నుంచి పట్టణం గుర్తు దాకా కొలిచారు. మొదటి పటంలో నాలుగు అంగుళాలు. రెండోదానిలో ఐదు. మూడోదానిలో ఆరు. నాలుగోదానిలో ఏడు. ఆయన స్కేలు కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే వచ్చింది.

"పట్టణం నడుస్తోంది" అన్నారు నెమ్మదిగా. "యాభై ఏళ్లకొక మైలు చొప్పున, తప్పకుండా, తూర్పుకు. ఇంత క్రమశిక్షణ గల వృద్ధి నేను ఏ దేశంలోనూ చూడలేదు."

పక్కనే నిలబడ్డ కమిషనర్ గారు కొత్తగా వచ్చిన అమ్మాయి. వంగి చూసి, "సార్, కొండ కూడా జరిగినట్టు కనిపిస్తోంది. వంక కూడా" అంది.

"కనిపించడం కాదమ్మా, జరిగాయి. కొండ, వంక, కోట, అన్నీ సమాన వేగంతో. దేన్నీ వెనక వదలకుండా సాగే ఇలాంటి వృద్ధినే సమగ్ర వృద్ధి అంటారు."

"మొదటి మూడు పటాలకూ ఎడమవైపు హద్దుగీత లేదేం సార్?"

"పూర్వులు పడమటి దిక్కుకు హద్దు గీయలేదు. అంత విశాలమైన మనసు వాళ్లది."

మార్కండేయులు గారు గోడమీది క్యాలెండరు వైపు చూశారు. "చివరి పటానికి యాభై ఏళ్లు నిండాయి. కనుక పట్టణం ఈపాటికి ఎనిమిదో అంగుళం మీద ఉండాలి. అంటే పటంలో ఇప్పుడున్న గుర్తుకు సరిగ్గా ఒక మైలు తూర్పున."

"ఆడ ఇసుక దిబ్బలున్నాయి సార్" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఎడారి నగరం ఎడారిలో కాక ఎక్కడుంటుంది?"

కుళ్ళాయప్ప కిటికీలోంచి కిందికి చూశాడు. బజారు, బళ్లు, అరటిపళ్ల గెలలు, గొడుగు కింద చెప్పులు కుట్టే మనిషి. "మరి ఇదేంది సార్?"

మార్కండేయులు గారు కూడా కిటికీ దాకా వచ్చి జాలిగా చూశారు.

"అది ప్రజలు. పట్టణం ముందుకు వెళ్లింది, వాళ్లు ఒక మైలు వెనక ఉండిపోయారు. పాలనలో ఇది కొత్తేమీ కాదు."

ఆ మధ్యాహ్నం కుళ్ళాయప్ప టిఫిను డబ్బా తెరవలేదు. పట్టణాన్ని నడిపించినవాళ్లెవరో ఆ భవనంలో అతనొక్కడికే తెలుసు. చెదపురుగులు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అది. పటాలన్నీ చెక్క బీరువాలో, ఎడమ అంచులు గోడకు ఆనేలా దొంతరగా ఉండేవి. చెదలు నేలలోంచి గోడ పట్టుకుని పైకొచ్చాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న 1824 పటాన్ని మూడంగుళాల మేర తిన్నాయి. దానిపైదాన్ని రెండు, ఆపైదాన్ని ఒకటి. 1974 పటం ఆ రోజుల్లో ఛైర్మన్ గారి గది గోడకు వేలాడుతుండడం వల్ల బతికిపోయింది. అప్పటి హెడ్ గుమాస్తా చూసి, "తిన్నంతమేరా తీసేసి వెనక గుడ్డ అంటించబ్బా, గలీజుగా ఉంది" అన్నాడు నోటిమాటగా. కుళ్ళాయప్ప ఉక్కు స్కేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, మూడు పటాల అంచులూ కోశాడు. కొత్త ఉద్యోగి కనుక శ్రద్ధగా కోశాడు. అంత తిన్నగా కోశాడు కనుకనే ఈనాడు ఆ అంచు ప్రమాణం కాగలిగింది.

చెప్పవచ్చు. కానీ శాశ్వత రికార్డును కోయడం శాశ్వతంగా ఇంటికి పంపదగ్గ నేరమని నిబంధనల పుస్తకంలో ఉంది. నోటిమాటగా చెప్పిన హెడ్ గుమాస్తా పోయి పదేళ్లయింది. పైగా తననెవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని తాను చదివిన గ్రంథాల్లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలనిపించింది. మూడు రోజులు వెతికాడు. లేదు.

నాలుగో రోజు ఇంటింటికీ నోటీసులు వచ్చాయి. కుళ్ళాయప్ప అక్క సుంకమ్మ తన నోటీసును నేరుగా ఆఫీసు మెట్ల దగ్గరికే తెచ్చింది. సుంకమ్మకు అరవై దాటాయి. కార్యాలయానికి ఎదురుగా ఆమెకు ఉగ్గాని అంగడి. బొరుగులు నీళ్లలో నానేసి పిండి, తాళింపు పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తే ఆఫీసు మొత్తం అదే తిని ఫైళ్లు చూస్తుంది.

"రేయ్ కుళ్ళాయీ, ఏందిరా ఇది? నేను పట్టణానికి అవతల అక్రమంగా కాపురముంటాండానంట. ముప్పై ఏండ్ల నుంచి నా చేతి ఉగ్గాని తిని మీ ఆపీసు రాసిందా ఈ కాయితం?"

"అది అందరికీ ఇచ్చినారక్కా."

"అందరికీ ఇస్తే సరిపాయనా? నీళ్ల ట్యాంకు సంగతి చెప్పు."

అసలు సంగతి అదే. మేటకల్లులో కొళాయి ఎనిమిది రోజులకొకసారి వస్తుంది, వచ్చినా గంటసేపే. మిగతా ఏడు రోజులూ సుంకమ్మ రెండు ఫర్లాంగుల అవతలి బోరింగు నుంచి బిందెలు మోస్తుంది. పన్నెండేళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా ఈ ఏడే పట్టణానికొక ఓవర్‌హెడ్ ట్యాంకు మంజూరైంది. పాత సంత మైదానంలో, సుంకమ్మ వీధి చివర కట్టాలని గుంతకు ముగ్గు కూడా పోశారు. ట్యాంకు కాగితాల్లో ఒక షరతు ఉంది. అది పట్టణం నడిబొడ్డున ఉండాలి.

"దిబ్బల్లోకి మార్చినారక్కా" అన్నాడు కుళ్ళాయప్ప.

సుంకమ్మ నోటీసును నాలుగు మడతలు పెట్టి మోకాలి మీద ఒత్తుకుంది.

"ఇసుక్కి దప్పికయిందా?" అంది.

కుళ్ళాయప్ప మెట్లెక్కి లోపలికి వెళ్లాడు.

తరువాతి నెలలో మేటకల్లు పట్టణం చకచకా రూపుదిద్దుకుంది. దిబ్బల మధ్య నలభై దీపస్తంభాలు పాతారు. స్వాగతం బోర్డు పెట్టారు. పాఠశాల సమీపిస్తోంది, నెమ్మదిగా వెళ్లండి అని మరొక బోర్డు పెట్టారు. ఎనిమిది మంది పారిశుద్ధ్య కార్మికులను కొత్త వీధులకు కేటాయించారు. వాళ్లు ఉదయమే వెళ్లి ఇసుక మీది ఇసుకను ఊడ్చేవారు. గాలి దాన్ని తెచ్చి మళ్లీ అక్కడే పోసేది. మేస్త్రీ రోజూ రిజిస్టరులో రాసేవాడు: చెత్త లేదు, దోమలు లేవు, వీధికుక్కలు లేవు, ఫిర్యాదులు లేవు. ఆ త్రైమాసికానికి రాష్ట్రంలో పరిశుభ్రమైన పట్టణంగా మేటకల్లు మొదటి బహుమతి అందుకుంది. సన్మాన సభలో మార్కండేయులు గారు వినయంగా ఒక మాట అన్నారు. "పట్టణాల సమస్యలన్నీ మనం పరిశీలించాం. అన్నింటికీ మూలం ఒక్కటే, జనావాసం. దాన్ని వేరుచేయగలిగాం."

ట్యాంకు పునాదికి ముందు నిబంధన ప్రకారం అభ్యంతరాల విచారణ జరపాలి. ప్రకటన వెలువడింది: విచారణ పట్టణంలోనే, అంటే దిబ్బల్లోనే జరుగును. అభ్యంతరములు తెలుపు హక్కు పట్టణవాసులకు మాత్రమే కలదు.

ఊళ్లో జనం ప్రకటన చదివి, బాగా తిట్టి, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ముప్పై ఒక్క వేలమందిలో ఒక్కరూ పట్టణవాసి కారు.

"పట్టణవాసి కావాలంటే ఏం చేయాల?" అని సుంకమ్మ అడిగింది.

"ఆడ కాపురముండాల."

"అంతేనా?"

మర్నాడు అంగడి తెరుచుకోలేదు. సుంకమ్మ పొయ్యి రాళ్లు, బాణలి, బొరుగుల మూట, నాలుగు తాటాకులు బండికెత్తించుకుని దిబ్బల్లోకి వెళ్లి మూడో దీపస్తంభం కింద గుడిసె వేసింది. ఊడ్చేవాళ్లు, స్తంభాలు పాతేవాళ్లు, వాళ్లను చూడవచ్చే అధికారులు అందరూ అక్కడే తినసాగారు.

విభాగంలో పండుగ వాతావరణం నెలకొంది. జనాభా సున్నా నుంచి ఒకటికి పెరిగింది. ఎంత శాతం వృద్ధో లెక్కకట్టబోతే యంత్రం జవాబు ఇవ్వలేకపోయింది. అంతటి వృద్ధి అని ప్రకటించారు. గుడిసెకు ఒకటో వార్డు, ఒకటో నంబరు ఇంటి పలక కొట్టారు. మార్కండేయులు గారు స్వయంగా వచ్చి ఉగ్గాని తిన్నారు.

"వెనకబడిన ప్రజలు పట్టణాన్ని అందుకోవడం మొదలైంది" అన్నారు బజ్జీ కొరుకుతూ. "మీరు తొలి అడుగు వేశారమ్మా."

"రెండు వేల అడుగులు ఏసినా సామీ. అదీ బిందెతో" అంది సుంకమ్మ.

ఆ మాట నిజం. బోరింగు ఊళ్లోనే ఉంది. ఇదివరకు రెండు ఫర్లాంగులు మోసే బిందె ఇప్పుడు మైలుకు పైనే, అదీ చీలమండ దిగబడే ఇసుకలో. కుళ్ళాయప్ప రోజూ ఆఫీసుకు ముందు రెండు బిందెలు మోసి ఇచ్చేవాడు. ఒక ఉదయం అతను వెళ్లేసరికి సుంకమ్మ దారి మధ్యలో కూర్చుని ఉంది. బిందె పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు ఒలికిన జాడ కూడా ఇసుక మిగల్చలేదు.

"ఏమైందక్కా?"

"ఏమీ కాలేదు. మోకాలు రానంది. బతిమాలుకుంటాండా" అంది ఆమె నవ్వుతూ. లేవబోయి మళ్లీ కూర్చుంది.

కుళ్ళాయప్ప ఆ ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాడు. తాను ఏ అబద్ధమూ ఆడలేదు. ఊరకే ఉన్నాడు. ఊరకుండడంలో ఎంత బరువుందో, అది ఎవరి మోకాళ్ల మీద పడుతుందో అంతవరకూ అతను కొలవలేదు.

విచారణకు దిబ్బల మధ్య షామియానా వేశారు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ ఎగరకుండా నాలుగు రాళ్లు. అవతల నలభై కుర్చీలు. ఒకదానిలో సుంకమ్మ.

"అభ్యంతరం ఉన్న పట్టణవాసులు లేచి నిలబడవచ్చు" అన్నారు మార్కండేయులు గారు.

పట్టణవాసులందరూ లేచి నిలబడ్డారు.

"ట్యాంకు ఈడొద్దు సార్. సంత మైదానంలో కట్టండి" అంది సుంకమ్మ.

"అమ్మా, ఆలోచించే మాట్లాడుతున్నారా? మీ పట్టణానికి వచ్చిన ట్యాంకును తీసుకుపోయి పొరుగు ఊరికి ఇవ్వమంటున్నారు."

"ఆ పొరుగూరు మా ఊరే సార్."

"అది మీ పూర్వ నివాసం. భావోద్వేగం సహజం. కానీ పట్టణ జనాభాలో నూటికి నూరుమంది తమ పట్టణ ప్రయోజనాలకే వ్యతిరేకంగా నిలబడడం శోచనీయం."

"జనాభాకు మోకాలు నొప్పి సార్" అంది సుంకమ్మ. "ఆడ ముప్పై వేలమంది గొంతెండి కూర్చున్నారు. ఈడ నేనొక్కదాన్నే ఉండేది. నా ఒక్కదానికి అంత పెద్ద ట్యాంకు ఏం చేసుకోను, ఈదాల్నా?"

ఊడ్చేవాళ్లు చీపుళ్ల చాటున నవ్వారు. మార్కండేయులు గారు అభ్యంతరం నమోదు చేసి, తోసిపుచ్చడమైనదని గుమాస్తాకు చెప్పి, "ఇంకెవరైనా?" అన్నారు.

"నేను సార్" అన్నాడు కుళ్ళాయప్ప.

"మీరు పట్టణవాసి కారు."

"నేను అభ్యంతరం చెప్పడానికి రాలేదు సార్. నేరం ఒప్పుకోవడానికొచ్చినా."

నేరం ఒప్పుకోవడానికి నివాస నియమమేదీ లేకపోవడంతో ఆయన కుర్చీ చూపించారు. కుళ్ళాయప్ప కూర్చోలేదు. చెదల సంగతి, బీరువా సంగతి, స్కేలు పెట్టి కోసిన సంగతి వరుసగా చెప్పాడు. కోసిన పేలికలను పారేయడానికి మనసొప్పక ఇన్నేళ్లూ ఒక కవరులో దాచాడు. చెదలు వదిలిన ఆ ఎడమ హద్దుగీత ముక్కలను బల్ల మీద పరిచాడు. మూడంగుళాలు, రెండంగుళాలు, ఒకటి.

"పట్టణం ఎక్కడికీ జరగలేదు సార్. చెదలు తిన్నంత మేరా నేను కోసినా. మనం కొలిచింది ఊరిని కాదు, చెదల ఆకలిని."

గాలి ఆగింది. కమిషనర్ గారు పేలికల వైపు చూసి, మార్కండేయులు గారి వైపు చూసి, తన చేతి గోళ్ల వైపు చూసుకుంది. ఆయన చెడ్డవారు కారు. నివేదిక ముద్రణ పూర్తయింది, అంతే. ప్రభుత్వం దాన్ని ఆమోదించింది కూడా. ఆమోదం పొందిన దానిలో తప్పుండదు. కనుక తప్పు మరెక్కడో ఉండాలి. దాన్ని వెతకడానికి ఆయన నిజాయితీగా శ్రమపడుతున్నట్టు ముఖంలో కనిపించింది.

"కుళ్ళాయప్ప గారూ, పట్టణం పటంలో చూపిన చోటనే ఉంటుందన్నది ఆమోదం పొందిన సూత్రం. దీన్ని మీరు కాదంటున్నారా?"

"సూత్రం నాకు తెలీదు సార్. అంచు కోసింది నేనని చెప్తాండా."

"అంటే మీరు అంచు కోయడం వల్ల పటంలో పట్టణం స్థానం మారింది."

"పటంలో మారింది సార్."

"పటంలో మారితే నేలమీద మారినట్టే." ఆయన ముఖం తేటపడింది. "అర్థమైంది. చాలా తీవ్రమైన విషయం ఇది."

మూడో రోజు కుళ్ళాయప్పకు మెమో అందింది. సదరు ఉద్యోగి ఉన్నతాధికారుల లిఖితపూర్వక అనుమతి లేకుండా మేటకల్లు పట్టణమును, అందలి కొండ, వంక, కోటలతో సహా ఒక మైలు దూరము తూర్పునకు జరిపినట్లు స్వయముగా అంగీకరించి యున్నాడు. ఇట్టి చర్య క్రమశిక్షణా రాహిత్యము. కావున సదరు ఉద్యోగి పదిహేను దినములలోగా పట్టణమును సొంత బాధ్యతపై యథాస్థానమునకు చేర్చి, జతపరిచిన నమూనాలో నివేదిక సమర్పించవలెను. లేనిచో కఠిన చర్య తీసుకొనబడును.

కుళ్ళాయప్ప మెమోను రెండుసార్లు చదివాడు. నిజం చెప్పినందుకు తనను నమ్మారు. నమ్మింది మాత్రం వేరొక సంగతిని. ఇప్పుడు ఊరిని తిరిగి తెచ్చానని సంతకం పెడితే ట్యాంకు ఊరికి వస్తుంది. కానీ తేలేదు కదా. అక్క మోకాళ్లకోసం ఒక నిజం చెప్పినవాడు, అదే మోకాళ్లకోసం ఒక అబద్ధం చెప్పవచ్చునా? పద్నాలుగు రోజులు ఆ ప్రశ్నతోనే బిందెలు మోశాడు. పదిహేనో రోజు ఉదయం కిటికీ దగ్గర కూర్చుని, కింద బజారును చూస్తూ, నమూనా విప్పాడు. ఒక్క గడిలోనూ అబద్ధం రాయకూడదని నిశ్చయించుకుని కలం తీశాడు.

పట్టణం ప్రస్తుతం ఉన్న చోటు: పూర్వం ఉన్న చోటే.

తరలింపునకు వినియోగించిన మనుషులు, వాహనములు: అవసరం పడలేదు.

తరలింపులో ప్రజలకు కలిగిన అసౌకర్యము: వారికి తెలియదు.

కొండ విషయమై తీసుకున్న చర్య: కొండ తన చోట ఉన్నది.

ఇతరములు అన్న గడి దగ్గర కాసేపు ఆగి, పరిశీలించి చూసుకొనగలరు అని రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, కింద ఏ గీతా లేకుండా తన మాట తాను రాసుకున్నాడు.

తనిఖీకి మార్కండేయులు గారు జీపులో వచ్చారు. బస్టాండు లెక్క చూసుకున్నారు, ఉంది. మార్కెట్ యార్డు ఉంది. ఆసుపత్రి, దాని ముందు వరుస, రెండూ ఉన్నాయి. చివరికి కొండ దాకా వెళ్లి, దిగి, బండను అరచేత్తో తాకి చూశారు.

"వేడిగా ఉందే" అన్నారు.

"మైలు దూరం వచ్చింది కదా సార్" అంది కమిషనర్ గారు. ఆ అమ్మాయి పైకి వస్తుందని కుళ్ళాయప్పకు ఆ క్షణంలో తెలిసింది.

పట్టణం యథాస్థానానికి చేరినట్టు ప్రకటన వెలువడింది. మొత్తం పట్టణాన్ని ఒక్కరికీ దెబ్బ తగలకుండా, గడువు దాటకుండా వెనక్కి తెచ్చిన తొలి విభాగంగా పేరుపొంది, ఆ అనుభవాన్ని వివరించడానికి మార్కండేయులు గారు మరో ఎడారి దేశానికి వెళ్లారు. కుళ్ళాయప్పకు అనుమతి లేకుండా ఊరిని జరిపినందుకు అభిశంసన సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో పడింది. దిబ్బల్లో జనాభా నూటికి నూరు శాతం పడిపోయింది. సుంకమ్మ గుడిసె విప్పుకుని బండెక్కి వచ్చేసింది.

సంత మైదానంలో ట్యాంకు లేచి నిలబడడానికి ఎనిమిది నెలలు పట్టింది. నీళ్లు వదిలిన రోజు వీధి వీధంతా కొళాయి దగ్గరే ఉంది. మొదట గాలి వచ్చింది, తరువాత తుప్పునీళ్లు, ఆ తరువాత నీళ్లు. సుంకమ్మ దోసిట పట్టి తాగి, మొహం కడుక్కుని, తమ్ముడి వైపు తిరిగింది.

"అయితే ఊరిని నువ్వే తెచ్చినావని రాసిచ్చినావా వాళ్లకు?"

"రాయలేదక్కా. ఉండేచోటే ఉందని రాసినా. తెచ్చినానని వాళ్లే చదువుకున్నారు."

"ఎర్ర సిరాతో ఏమో రాసినారంటనే నీ మీద."

"ఊరిని మోసుకుపోయినానని."

"కొండతో సహానా?"

"కొండతో సహా."

సుంకమ్మ తమ్ముణ్ణి కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. నడుము వంగిన మనిషి, వేలికి సిరా మరక, కాలికి తెగిన చెప్పు. నిండిన బిందెను కొళాయి కింది నుంచి జరిపి అతని ముందు పెట్టింది.

"అంత మోసినోనివి, దీన్ని ఇంటిదాకా పట్టుకురా."